మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గదేం?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని, కాసేపు నడుం వాలుద్దామని రేడియో పెట్టుకుని ఉంటారు మీలో చాలామంది. వాల్చండి, ఫరవాలేదు. ఈవేళ నేను చెప్పబోయేది ఆ సంగతే. అయిదు నిమిషాలని వాల్చిన నడుం అయిదు గంటలైనా లేవకపోతే ఏమిటీ అని.

రెండేళ్ల కిందట నా పని అలాగే ఉండేది. రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా, పొద్దున్న లేచేసరికి రాత్రంతా రోలు ముందు కూర్చుని పిండి రుబ్బినట్టు ఒళ్లంతా నొప్పులు. మా విజయవాడలో సంక్రాంతి చలి ఏపాటిది చెప్పండి? ఇంటిల్లిపాదీ ఫ్యాను వేసుకుంటే, నేనొక్కదాన్నీ రెండు దుప్పట్లు కప్పుకుని, కాళ్లకు మేజోళ్లు తొడుక్కుని కూర్చునేదాన్ని. దువ్వెన నిండా జుట్టే. ఎంత నూనె రాసినా చర్మం పొడిబారిపోయి గీస్తే తెల్లగా గీతలు. మలబద్ధకం. నెలసరి వస్తే వారం దాటినా ఆగేది కాదు. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో జ్ఞాపకం రాక అలా నిలబడిపోయేదాన్ని. తిండి ఏమీ పెరగలేదు గాని బరువు మాత్రం ఆరు కిలోలు పెరిగాను.

ఇన్నిటికీ ఇంట్లో ఒక్కటే పేరు పెట్టారు, బద్ధకం అని. మా అత్తగారు, "అమ్మాయ్, మేము పదిమందికి కట్టెల పొయ్యి మీద వండి, మళ్లీ సాయంత్రానికి తిరగలి ముందు కూర్చునేవాళ్లం" అనేవారు. ఆవిడని తప్పు పట్టడానికి లేదు, ఆవిడ చేసిన పనులే చెప్పారు. మావారు ఏమీ అనేవారు కాదు గాని, డబ్బాలో ఉప్మా చూసి "ఇవాళ కూడానా" అన్నట్టు ఒక చూపు చూసేవారు. అసలు కష్టం ఏమిటంటే, నేను కూడా నాది బద్ధకమే అనుకున్నాను. బద్ధకమైతే డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు చెప్పండి!

నన్ను డాక్టరు దగ్గరికి పంపింది నా గొంతు. నెలకి మూడు నాలుగుసార్లు ఈ మైకు ముందు కూర్చుంటాను కదా. ఒకరోజు రికార్డింగు అయ్యాక అద్దం అవతలినుంచి ఇంజనీరుగారు "ఏమ్మా, జలుబు చేసిందా?" అన్నారు. లేదన్నాను. మరుసటి నెలా అదే మాట. మూడో నెల "గొంతు బాగా బరువుగా వస్తోందమ్మా, తగ్గాక రికార్డు చేద్దామా?" అన్నారు, ఎంతో మర్యాదగానే. ఇంటికి వస్తూ బస్సులో ఏడ్చాను. టెన్తు చదివి, పెళ్లి చేసుకుని, పాతికేళ్లు వంటింట్లో ఉన్నదాన్ని. నాదంటూ నాకున్నది ఈ గొంతొక్కటే. అదీ పోతే?

రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. 38 వచ్చింది. ల్యాబు కాయితం మీద 4 లోపు ఉండాలని రాసి ఉంది. ఈ హద్దు ల్యాబుని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది లెండి. "అంత ఎక్కువుంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందనే కదా?" అన్నాను డాక్టరమ్మతో. ఆవిడ నవ్వి, "మీ అబ్బాయి బడికి లేవకపోతే మీరేం చేస్తారు?" అన్నారు. కేకలేస్తానన్నాను. "ఇదీ అంతే. టి.ఎస్.హెచ్. అనేది థైరాయిడ్‌లో పుట్టదు. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. థైరాయిడ్ బద్ధకిస్తే అది 'లే, లే' అని వేసే కేక టి.ఎస్.హెచ్. కేక ఎంత పెద్దదైతే, లోపల పని అంత తక్కువ జరుగుతోందన్నమాట" అన్నారు. ఆ "బద్ధకం" అన్న మాట నాది కాదు, మెడలో సీతాకోకచిలుక ఆకారంలో ఉన్న ఆ గ్రంథిదీ అని తెలిసినప్పుడు, నిజం చెబుతున్నాను, నాకు జబ్బు చేసిందన్న దిగులు కంటే సంతోషమే ఎక్కువ కలిగింది.

ఎందుకొచ్చింది అంటే, మన ఒంట్లో రోగాల మీద పోట్లాడాల్సిన శక్తి పొరపాటున మన గ్రంథి మీదే పోట్లాడుతుందిట. జపానులో హషిమోటో అనే డాక్టరు 1912లో ఈ రకాన్ని వర్ణించారు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఇది ఉప్పులో అయొడిన్ చాలక వచ్చే గాయిటరు కాదు. ఆ గాయిటరు కోసమే మన ప్రభుత్వం 1962లో ఒక నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది, అయొడిన్ ఉప్పు అలా వచ్చిందే. ఈమధ్య కొందరు నాగరికంగా ఉంటుందని అయొడిన్ ఉప్పు మానేసి గులాబిరంగు ఉప్పుకి మారుతున్నారు. మానవద్దు. అలాగని నాలాంటివాళ్లు అయొడిన్ ఉప్పు రెండింతలు తింటే ఈ జబ్బు తగ్గదు, రక్తపోటు వస్తుంది.

సరే, 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. పరగడుపున రోజూ ఒకటి. మనకి తలనొప్పి మాత్ర వేసుకుంటే అరగంటలో తగ్గే అలవాటు కదా! వారం చూశాను, పది రోజులు చూశాను. ఏమీ లేదు. ఆరు వారాల తరవాత పరీక్ష చేస్తే 38 కాస్తా 19కి వచ్చింది. మాత్ర 75 చేశారు. మళ్లీ ఆరు వారాలు. 11. నాకేమో చలి కొంచెం తగ్గినట్టుంది గాని నీరసం అలాగే ఉంది, గొంతూ అలాగే ఉంది. మాత్ర దండగనిపించింది.

అప్పుడు డాక్టరమ్మ మొదటిరోజే అడగవలసిన ప్రశ్న అడిగారు. "ఏంతో మింగుతున్నారు?"

"కాఫీతోనండీ."

మరి పరగడుపునంటే ఏమీ తినకుండా అనే కదా నేననుకున్నాను. కాఫీ తిండి కాదు కదా మన లెక్కలో! పొద్దున్నే చిక్కటి డికాక్షన్ కాఫీ తాగుతూ అందులోనే మాత్ర మింగేదాన్ని. పైగా మోకాళ్ల నొప్పులకని ఇంకో డాక్టరిచ్చిన కాల్షియం మాత్ర టిఫినుతో వేసుకునేదాన్ని. కాఫీ ఈ మందుని పేగుల్లో సరిగా ఒంటబట్టనివ్వదుట. కాల్షియం, ఐరన్ మాత్రలైతే దీన్ని పట్టేసుకుని బయటికి పంపించేస్తాయిట. వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఎసిడిటీకి వేసుకునే కొన్ని మందులూ అంతే. సోయా పాలు తాగేవాళ్లు కూడా ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. మాత్ర ఒట్టి మంచినీళ్లతో మింగి, అరగంట నుంచి గంటదాకా ఏమీ పుచ్చుకోకూడదు, కాఫీతో సహా. మూడు నెలల పాటు నేను డబ్బు పెట్టి కొన్న మందులో ఎంత ఒంటికి పట్టిందో, ఎంత కాఫీతో పోయిందో ఆ భగవంతుడికే తెలియాలి.

వినడానికి చిన్న విషయం. అయిదున్నరకి కాఫీ వాసన రాకపోతే తెల్లవారని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు సుమండీ. అందరికీ కాఫీ కలిపి ఇచ్చి, నేను గంటసేపు ఆ వాసన చూస్తూ కూర్చోవాలా? రాత్రి వేసుకోవచ్చా అని అడిగాను. భోజనమై మూడు నాలుగు గంటలైతే పడుకునేముందు వేసుకోవచ్చన్నారు. మావారు ఇంటికొచ్చి భోంచేసేసరికే తొమ్మిదిన్నర, ఇక నేను ఒంటిగంటదాకా మేలుకోవాలి! చివరికి ఉపాయం మున్సిపాలిటీ కుళాయి చెప్పింది. నాలుగున్నరకి నీళ్లు వస్తాయి, బిందెలు పట్టడానికి ఎలాగూ లేస్తాను. ఆ మొదటి గ్లాసు నీళ్లతో మాత్ర. నీళ్లు పట్టేసరికి గంట గడిచిపోతుంది. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ బాగానే ఉండేది. ఆగలేదు.

కాఫీ సంగతి సరిచేసుకున్నాక రెండు వారాలు చూశాను. హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోనులో "నాకు 125 వేశారు వదినా, నీకు 75 ఏమూలకి చాలుతుంది?" అంది. నిజమే కదా అనిపించింది. వచ్చే నెలలో రేడియోవారు మళ్లీ పిలుస్తామన్నారు, అప్పటికి గొంతు రావాలని నా తాపత్రయం. ఎవరికీ చెప్పకుండా రెండేసి మాత్రలు మొదలుపెట్టాను. మొదట హుషారుగానే ఉంది. ఆ తరవాత నిద్ర పట్టడం మానేసింది. ముగ్గు వేస్తుంటే గీత వణికిపోయేది. మూడు వారాలు దాటాక ఒకరోజు అర్ధరాత్రి గుండె దడదడ కొట్టుకుని, చెమటలు పట్టి, "ఏమండీ" అని మావారిని లేపాను. ఆయన చేతులు నాకంటే ఎక్కువ వణికాయి పాపం. ఆస్పత్రిలో ఇ.సి.జి. తీశారు. దేవుడి దయవల్ల గుండెకేమీ కాలేదు. మాత్రల సంగతి అప్పుడుగాని బయటపెట్టలేదు నేను.

డాక్టరమ్మ కోప్పడ్డారు. ఈ మందు ఎక్కువైతే గుండె లయ తప్పవచ్చుననీ, ఏళ్ల తరబడి ఎక్కువ వేసుకుంటే ఎముకలు పలచబడతాయనీ, నెలసరి ఆగే వయసులో ఉన్నవాళ్లకి అది మరీ చేటనీ చెప్పారు. పెద్దవాళ్లకి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి అందుకే చాలా కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారుట. "మందు సరిగ్గా ఒంటబట్టడం అప్పుడే మొదలైంది. మీరు ఆ రోజుల్లోనే రెట్టింపు చేశారు" అన్నారు.

ఇంత నెమ్మది ఎందుకమ్మా ఈ మందుకి అని అడిగాను. ఇవాళ వేసుకున్న మాత్రలో సగం వారం తరవాత కూడా ఒంట్లోనే ఉంటుందిట. అలా రోజురోజుకీ కొంచెం కొంచెం చేరి ఒక మట్టానికి నిలవడానికి అయిదారు వారాలు పడుతుంది. కేకలు వేయడం అలవాటైన ఆ పిట్యూటరీ కూడా అప్పుడే నోరు మూయదు. అందుకని మాత్ర మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేస్తారు. నాకు వెంటనే ఆవకాయ జ్ఞాపకం వచ్చింది. కలిపిన రోజునే రుచి చూసి ఉప్పు చాలలేదని ఇంకో గుప్పెడు పోసే కొత్త కోడళ్లుంటారు. మూడోరోజు ఊట దిగాక తిరగ కలిపి రుచి చూడాలని తెలియదు. ఆవకాయలో అనుభవం ఉన్నదాన్ని, మాత్ర దగ్గర నేను కొత్త కోడలినే అయ్యాను.

డాక్టరమ్మ చెప్పినట్టు మళ్లీ 75కి వచ్చాను. ఈసారి ఆవిడ చెప్పిన దినం దాకా ఆగాను. పాత క్యాలెండరు కాయితాల వెనకవైపు రోజూ నాలుగు ముక్కలు రాసేదాన్ని. మాత్ర ఎన్నింటికి, కాఫీ ఎన్నింటికి, నిద్ర ఎలా పట్టింది, మధ్యాహ్నం ఎంతసేపు పడుకున్నాను, గొంతు ఎలా ఉంది. రోజువారీగా చూస్తే తేడా తెలియదు. నెల కాయితాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డాక్టరు దగ్గర "ఎలా ఉంది?" అంటే "అలాగే ఉందండీ" అని ఏడుపు ముఖం పెట్టడం కంటే ఆ కాయితం చేతికివ్వడం మంచిది.

ఈ ఆగే రోజుల్లో ఇల్లు నడవాలి కదా. నాకు పొద్దున్న పదిదాకానే ఓపిక అని కాయితాల్లో తేలింది. బరువైన పనులన్నీ అప్పటికే ముగించేదాన్ని. పొయ్యి దగ్గర ఒక ఎత్తు స్టూలు వేయించుకున్నాను. నిలబడి చేస్తేనే వంట అని ఏ శాస్త్రంలోనూ లేదు. దోసెలపిండి కొట్లో కొన్నాను. మొదటిరోజు అత్తగారు ముఖం చిట్లించారు, రెండోరోజు ఇంకో దోసె వేయించుకున్నారు. జ్ఞాపకం ఉండదు కాబట్టి వంటింటి గోడకి పలక తగిలించి, తీసుకురావలసినవి అందరూ రాయాలన్నాను. మలబద్ధకానికి ఆకుకూరలు, జామకాయలు, నీళ్లు. చర్మానికి స్నానం అవగానే తడి ఆరకముందే కొబ్బరినూనె. సాయంత్రం ఓపిక ఉన్నా లేకపోయినా పావుగంట నడక. క్యాబేజీ తినకూడదని పక్కింటి పిన్నిగారు నాచేత మానిపించారు. ఉడికించి మామూలుగా తినేంత తింటే ఏమీ కాదని తరవాత తెలిసింది. పాపం ఆరు నెలలు మా ఇంట్లో ఎవరూ క్యాబేజీ ఎరగరు.

మళ్లీ పరీక్ష. టి.ఎస్.హెచ్. 2.6. కాయితం చూసి మావారు స్వీటు తెచ్చారు. నేను మాత్రం ఆ మధ్యాహ్నం కూడా రెండు గంటలు పడుకుని లేవలేకపోయాను.

ఇది మీలో కొందరికైనా జరిగే ఉంటుంది. అంకె బాగుంది, మనిషి బాగాలేదు. ఇంట్లోవాళ్లు "రిపోర్టు నార్మలేగా, ఇంకేం?" అంటారు. మళ్లీ ఆ పాత మాట, బద్ధకం, గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఈసారి నేను మాత్ర ముట్టుకోలేదు, కాయితాలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "అంకె నార్మలైనంత మాత్రాన మీ నీరసం అబద్ధం కాదు. దానికి ఇంకో కారణం ఉందేమో వెతకాలి" అన్నారావిడ. అలా ఆవిడ అన్న మాటకే సగం ఓపిక వచ్చింది. వెతికితే నా హిమోగ్లోబిన్ 9. అన్ని నెలలు నెలసరిలో రక్తం పోతే ఉంటుందా మరి! థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువవడం మామూలేనట. గ్రంథి సంగతి సర్దుకుంది గాని పోయిన రక్తం తిరిగి రాలేదు. బి12, డి విటమిన్లు, చక్కెర కూడా చూశారు. నిద్రలో గురక పెడుతున్నానా అని మావారిని అడిగారు, ఆయన నన్ను చూసి జవాబు చెప్పలేదు. నలభై అయిదు దాటుతున్నప్పుడు నెలసరి ఆగిపోయే ముందు వచ్చే ఆవిర్లు, చిరాకు, నిద్రలేమి కూడా ఇందులో కలిసిపోయి ఏది ఏదో తెలియనివ్వవుట. అన్నీ ఒక్క మాత్ర నెత్తిన వేసి దాన్ని పెంచుకుంటూ పోతే నాలాగే అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాలి.

ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనానికి, కాల్షియం రాత్రికి మార్చారు. మూడు నెలలకి మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగాను. ఆరు కిలోల్లో రెండే తగ్గాయి. ఈ మందుతో సన్నబడిపోతామని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒంట్లో నిలిచిన నీరు పోతుంది, మిగతాది నడకతోనూ కంచంతోనూ తగ్గించుకోవలసిందే. అన్నీ సరిచూసుకున్నాక కూడా నూటికి అయిదు నుంచి పదిమందికి కొంత నీరసం మిగిలిపోతుందని డాక్టర్లే ఒప్పుకుంటున్నారు. అలాంటివాళ్లుంటే, మీది వట్టి అనుమానం కాదు.

ఇంకో సంగతి. 1891లో ఇంగ్లండులో న్యూకాసిల్ అనే ఊళ్లో జార్జి ముర్రే అనే కుర్ర డాక్టరు దగ్గరికి 46 ఏళ్ల ఆవిడ వచ్చింది, సరిగ్గా మన జబ్బే, ముఖమంతా ఉబ్బి, మాట ముద్దగా. ఆయన గొర్రె థైరాయిడ్ రసం తీసి ఇంజెక్షను ఇచ్చాడు. తరవాత అదే రసం నోటితో ఇచ్చారు. ఆవిడ 74 ఏళ్లదాకా బతికి 1919లో పోయింది. ఆవిడకి వాడిన రసానికి 870కి పైగా గొర్రెలు కావలసి వచ్చాయిట! ఇప్పుడు మనకి ఆవగింజంత తెల్లమాత్ర చాలుతోంది. దాన్ని కూడా కాఫీలో పోశాను చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మాత్రల సీసా పొయ్యి గట్టు మీదా, స్నానాలగదిలోనూ పెట్టవద్దు, వేడీ చెమ్మా తగలకూడదు. రక్తపరీక్ష రోజు మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోమన్నారు నన్ను. జుట్టుకని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వాటివల్ల అంకెలు తప్పు రావచ్చు. కొట్లో వేరే కంపెనీ మాత్ర ఇస్తే డాక్టరుకి చెప్పండి. మీ ఇంట్లో ఈ మాత్ర వేసుకునే అమ్మాయిగాని, కోడలుగాని నెల తప్పితే మరునాడే డాక్టరుకి చెప్పించండి. అప్పుడు మోతాదు పెంచవలసి వస్తుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకి అది అవసరం. బాగుంది కదా అని ఎవరూ మాత్ర మానవద్దు. నాకు 75 సరిపోయింది, మీకు 25 కావచ్చు, 125 కావచ్చు. మా ఆడపడుచుని అడగకండి.

పోయిన నెలలో మా అమ్మాయి రెండేళ్ల కిందటి నా రికార్డింగూ, కొత్తదీ ఫోనులో ఒకదాని తరవాత ఒకటి పెట్టింది. పాతది వింటూ మా అత్తగారు "ఎవరే ఈవిడ, నిద్రలో మాట్లాడుతున్నట్టుందీ?" అన్నారు. నేనే అత్తయ్యగారూ అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "నాకూ ఈమధ్య చలేస్తోందే, ఆ రక్తమేదో నాక్కూడా తీయించరాదూ" అన్నారు. సోమవారం తీసుకెళుతున్నాను. అద్దం అవతలినుంచి ఇంజనీరుగారు టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నారు.